రైల్వే పోలీసు బిళ్ళ

‘బిళ్ళబంట్రోతు’ అన్న మాట మన పెద్దలకు సుపరిచితం. భుజం మీదుగా డవాలీ, దానిపై తళతళలాడే ఇత్తడి బిళ్ళ. దానిని చూచి జనం ప్రక్కకు తొలగేవారు. వారు దారి యిచ్చినది బంట్రోతుకు కాదు, ఆ బిళ్ళ వెనుకనున్న సర్కారుకు. మరి పోలీసు బిళ్ళ మీద సర్కారు పేరుకు బదులు ఒక వ్యాపారసంస్థ పేరు ఉంటే? అటువంటి బిళ్ళలను అమెరికాలో ఎందరో శ్రద్ధతో సేకరిస్తున్నారు.

ఆ దేశంలో రైలుమార్గాలను నిర్మించి నడిపినవి చాలవరకు ప్రైవేటు కంపెనీలు. పట్టణపు పోలీసు అధికారం పొలిమేరతో ఆగిపోయేది. ఇనుపదారి మాత్రం అడవులు, మైదానాలు దాటి పోయేది. దొంగలకు ఇది గొప్ప సదుపాయం. అందుచేత పెన్సిల్వేనియా రాష్ట్రం 1865లో ఒక చట్టం చేసినది. కంపెనీ కోరినవారిని గవర్నరు పోలీసులుగా నియమించేవాడు. జీతం కంపెనీ యిచ్చేది. వారు విధినిర్వహణలో లోహపు బిళ్ళ ధరించవలెననీ, దానిమీద ‘రైల్వే పోలీసు’ అన్న మాటలతోపాటు కంపెనీ పేరును కూడా చెక్కవలెననీ ఆ చట్టమే విధించినది. మరుసటి యేడు ఈ ఏర్పాటు బొగ్గుగనులకూ, ఇనుప కొలుములకూ విస్తరించినది. అక్కడ కార్మికుల సమ్మెలను అణచుటకు ఆ అధికారం ఉపయోగపడినది.

బిళ్ళలలో కొన్ని డాలు ఆకారంలోనూ, కొన్ని నక్షత్రాకారంలోనూ ఉంటవి. అనుభవజ్ఞుడైన సేకర్త ముందుగా వెనుకవైపు త్రిప్పి తయారీదారు ముద్రను, సూది అతికిన తీరును పరీక్షిస్తాడు. నకిలీలు విస్తారం గనుక చరిత్రజ్ఞానం అవసరం. ఉదాహరణకు, పెన్సిల్వేనియా రైల్‌రోడ్, న్యూయార్కు సెంట్రల్ కంపెనీలు 1968లో కలిసి ‘పెన్ సెంట్రల్’ అయినవి. అది 1970లో దివాలా తీసినది. 1976లో దాని రైళ్ళు ‘కాన్‌రైల్’ చేతికి పోయినవి. కావున ‘పెన్ సెంట్రల్’ పేరుగల బిళ్ళను 1950 నాటిదని ఎవరైనా అమ్మజూపితే, తేదీయే దొంగను పట్టియిస్తుంది.

కంపెనీలు మాసిపోయినా బిళ్ళలు మిగిలినవి. వాటిని గర్వంతో ధరించి, చీకటిలో యార్డులను కాపలా కాసినవారు ఉన్నారు. వాటిని చూచి పరుగెత్తినవారూ ఉన్నారు. 1930ల ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులు పని వెదకుకొంటూ గూడ్సు పెట్టెలలో దొంగచాటుగా ప్రయాణించేవారు. రైల్వే పోలీసును వారు ‘బుల్’, అనగా ఆబోతు, అని పిలిచేవారు. ఆ భయాన్ని తలచక బిళ్ళ మెరుపును మాత్రమే మెచ్చుకొంటే సేకరణ సగమే అవుతుంది.

ఇది గతించిన ముచ్చట మాత్రమే కాదు. యూనియన్ పసిఫిక్ వంటి కంపెనీలకు నేటికీ సొంత పోలీసులు ఉన్నారు. కనుక విద్యార్థి ఇటువంటి బిళ్ళను చూచినప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవలెను: ఈ అధికారం ఎవరిచ్చినది? ఎవరి మేలుకై వినియోగపడినది?