సరిహద్దుకు చేరవలసిన ఊరి ముచ్చట

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుండి సైన్యమునకు వెళ్లిన యువకులకు ఊరిలోని స్నేహితులు చేయుచున్న సేవ యెట్టిది? చేయవలసినది ఇంకను ఎంత కలదు? ఈ వారము ముఖచిత్ర కథనము.

ఉత్తరదేశము నుండి వచ్చు రైళ్లు కాజీపేట జంక్షనులో ఆగినప్పుడు, తెల్లరంగుతో పేరును నంబరును వ్రాసిన నల్లని ట్రంకుపెట్టెను దించుకొని ప్లాట్‌ఫారముపై నిలుచు యువకులు తరచుగా మన కంట పడుదురు. వారిలో జనగామవాడు సికింద్రాబాదు దిక్కునకును, మహబూబాబాదువాడు విజయవాడ దారికిని మరియొక బండి ఎక్కును. ప్రయాణికుల రైలు లేని భూపాలపల్లివాడు హనుమకొండ చేరి పరకాల మీదుగా పోవు బస్సును పట్టుకొనును. ఊరి మొదటనే మోటారుసైకిలుతో ఎదురు వచ్చి ఆ పెట్టెను అందుకొనువాడు సాధారణముగా ఒక బాల్యమిత్రుడు. సైనికుని శౌర్యమును గూర్చి మనము విరివిగా మాటలాడుకొందుము. తల్లి బెంగను, భార్య నిరీక్షణను కవులు పాడిరి. కాని ఊరిలో మిగిలిన స్నేహితుడు ఏడాది పొడుగునను ఫోనులో చెప్పు పది నిమిషముల ముచ్చట ఎంత విలువైనదో ఆలోచించినవారు తక్కువ. దేశము సైనికునికి ఆయుధమును, వస్త్రమును, అన్నమును ఇచ్చును; ఊరిలో అతని స్థానమును అతనికై నిలిపియుంచుట మాత్రము మిత్రులే చేయవలసిన పని.

చిరునామాలో ఊరు లేదు

సైనికునికి ఉత్తరము వ్రాసినవారందరు ఎరిగిన సంగతి యొకటి కలదు: ఆ చిరునామాలో ఊరిపేరు ఉండదు. నంబరు, హోదా, పేరు, యూనిటు, చివర ‘56 ఏ.పి.ఓ.’ అనియో ‘99 ఏ.పి.ఓ.’ అనియో వ్రాసినచో చాలును. జనగామ తపాలా డబ్బాలో వేసిన జాబు మొదటి దానికైనచో ఢిల్లీలోని, రెండవ దానికైనచో కోల్‌కతాలోని సైనిక తపాలా కేంద్రమునకు పోయి, అచట యూనిటు వారీగా వేరుచేయబడి, ఆ యూనిటు ఎడారిలో ఉన్నదో హిమాలయములలో ఉన్నదో ఎరిగిన ఫీల్డు పోస్టాఫీసుల ద్వారా అతని చేతికి అందును. ఈ పనికై సైనిక తపాలా దళము ప్రత్యేక దళముగా 1972 మార్చి 1న ఏర్పడెను. అదే యేట ఆగస్టు 15న ప్రవేశపెట్టిన పిన్‌కోడు విధానములో తొమ్మిదవ మండలము సైన్యమునకే కేటాయింపబడెను. ఆ దళములోని ఉద్యోగులు అధికాంశము పౌర తపాలా శాఖ నుండి వెళ్లినవారే కావున, ఊరి పోస్టుమానుకును సరిహద్దు పోస్టుమానుకును వృత్తిచేత చుట్టరికము కలదనవచ్చును.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులో నున్న భారతీయ సైనికుల జాబులను తెరచి చదువుటకు ఒక సెన్సారు కార్యాలయమే ఉండెను. ఆ కార్యాలయము ఎత్తి వ్రాసుకొన్న భాగములు నేటికిని లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రముగా ఉన్నవి. సెన్సారు కన్ను కప్పుటకై భారతీయ సేనలను నల్లమిరియములనియు, ఆంగ్లసేనలను ఎర్రమిరపకాయలనియు సంకేతముగా వ్రాసికొన్న ఆ సిపాయిలు, ఇంటివారి నుండి తరచుగా కోరినది మాత్రము వానలు పడినవా, పంట పండినదా, పశువులు ఎట్లున్నవి అన్న సమాచారమునే. నాటి నిజాము రాజ్యమునుండియు హైదరాబాదు లాన్సర్లు ఆ యుద్ధములో పశ్చిమాసియాకు వెళ్లిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమున 1922లో నిలిపిన మూడు విగ్రహములలో నొకటి వారిదే. ఇంత దూరము పోయినవాని మనస్సు కడకు తిరుగునది ఊరిచెరువు కట్టమీదనే యని ఆ జాబులు మనకు సాక్ష్యము చెప్పుచున్నవి.

కార్గిల్ యుద్ధములో 1999 జూన్ 28న అమరుడైన హైదరాబాదువాసి మేజర్ పద్మపాణి ఆచార్య, అంతకు కొలది దినముల ముందు తండ్రికి వ్రాసిన ఉత్తరములో, గర్భవతియైన తన భార్యకు దినమునకొక భారతకథ చెప్పవలసినదని కోరెను. మహావీరచక్ర పురస్కారమునకు పాత్రుడైన ఆ వీరుడు కొండకొమ్మున తుపాకి గుండ్ల నడుమ నుండియు ఇంటిలో సాయంకాలము జరుగవలసిన ఒక చిన్న పనిని గూర్చి ఆలోచించెను. దూరముననున్నవానికి ఇంటి వ్యవహారములో పాలు కావలెను. అది దొరకినప్పుడే అతడు దూరముననున్నను ఇంటివాడుగా ఉండును.

పి.పి. నంబరు నుండి మంచుకొండ టవరు వరకు

తొంబదుల కాలము జ్ఞప్తియున్నవారికి పి.పి. నంబరు అనగా నేమో చెప్పనక్కరలేదు. ఊరికంతటికిని కిరాణా దుకాణములో నున్న ఒక్క ఫోనే దిక్కు. జమ్మూలోనో తేజ్‌పూరులోనో ఎస్.టి.డి. బూత్ ముందు వరుసలో నిలిచిన జవాను, “పది నిమిషాలల్ల మల్ల చేస్త, అమ్మను పిలువురా” అని పెట్టివేయగా, దుకాణము దగ్గరనున్న స్నేహితుడు వీధివెంట పరుగెత్తి ఆమెను తోడుకొని వచ్చెడివాడు. తంతి వచ్చినదన్న మాటకే గుండెలు జారిన తరము అది. 2013 జూలై 15తో ఆ తంతి సేవ కూడ ముగిసిపోయెను.

1984 నుండి మన సైన్యము కాపలా కాయుచున్న సియాచిన్ హిమనదము వంటి చోట్ల జవానులకు చిరకాలము ఉపగ్రహ ఫోనే ఆధారము. నిమిషమునకు అయిదు రూపాయలుగా ఉన్న దాని రుసుమును 2017 దీపావళి నుండి ఒక రూపాయికి తగ్గించి, నెలసరి ఐదువందల రూపాయల రుసుమును రద్దు చేసిరి. 2023 అక్టోబరులో సియాచిన్‌లో పదునైదువేల ఐదువందల అడుగులకు పైబడిన ఎత్తున బి.ఎస్.ఎన్.ఎల్. టవరు వెలసెను, 2025 జనవరిలో జియో సేవయు ఆ హిమనదమునకు చేరెను. నీలిరంగు ఇన్‌లాండు జాబు మడతలపై సహితము సందు విడువక వ్రాసి, దాని బదులుకై రోజులకొద్దీ వేచియున్నవారి కుమారులు నేడు మంచుకొండపై నుండి తల్లి ముఖమును చూచుచున్నారు. ఇది మన కాలము సాధించిన గొప్ప మేలు.

అయినను, మాట చేరవేయు సాధనము పెరిగినంతగా మాట పెరుగలేదు. ఉదయమున ఒక పూలబొమ్మ, పండుగకు ఎవరో పంపినదానినే తిరిగి పంపిన శుభాకాంక్ష, అతడు పెట్టిన ఫొటోకు ఒక బొటనవ్రేలి గుర్తు: వీనితో స్నేహము తీరినదని మనము అనుకొనుచున్నాము. పదునాలుగు మంది బడిమిత్రులున్న గ్రూపులో వందల సందేశములు ప్రవహించుచున్నను, డ్యూటీ దిగి వచ్చి చూచుకొన్న జవానుకు తనకై వ్రాసిన వాక్యము ఒక్కటియు కనిపించకపోవచ్చును.

గనిలోని మిత్రుడు, మంచులోని మిత్రుడు

భూపాలపల్లిలో ఈ స్నేహమునకు ఒక విశిష్టమైన కష్టము కలదు. అచట సైనికుని సహాధ్యాయి అనేక పర్యాయములు సింగరేణి కార్మికుడై యుండును. మండు వాయువుల భయము చేత భూగర్భ గనిలోనికి ఫోను కొనిపోరాదు. మొదటి షిఫ్టులో దిగినవాడు పైకి వచ్చువరకు లోకమునకు అందడు, రాత్రి షిఫ్టు చేసినవాడు పగలు నిద్రించును. అవతల సరిహద్దు పోస్టులో సెంట్రీ డ్యూటీ వేళలును వారివారి వశములో లేనివే. భూమికి క్రింద నొకడు, మేఘములకు పైన నొకడు. ఈ ఇరువురు ఒకే గడియలో తీరిక చేసికొని మాటలాడుకొనవలెనన్నచో, ఒకని షిఫ్టును మరియొకడు గుర్తుంచుకొనవలెను. తోటివాని పనివేళను జ్ఞాపకముంచుకొనుట కంటె గొప్ప ఆదరమేమి కలదు!

మహబూబాబాదు తండాలలో శ్రావణమాసపు తీజ్ తొమ్మిది దినములును సాగుచుండగా, గోధుమ మొలకల బుట్టల చుట్టు ఆడపిల్లలు పాడు పాటను ఫోనులో పట్టి పంపు మిత్రుడు, సరిహద్దులోని లంబాడీ యువకునికి తన భాషను వినిపించుచున్నాడు. బారకులో హిందీయే నడుచును. వారములకొద్దీ తల్లిభాష చెవిన పడనివానికి ఆ పాట విలువ తండాలోనివారికి తెలియదు. ఇక జనగామ బస్టాండు దగ్గర చాయ హోటలులో ఆదివారము సాయంకాలము కూర్చుండు నలుగురి ముందు ఫోను మోగినదనుకొనుడు. ఆ సంభాషణ ఇట్లుండును.

“ఏమ్రా, బువ్వ తిన్నవా?”

“తిన్న. చెరువు మత్తడి దుంకిందా?”

“నిన్ననే దుంకింది. మీ బాపు పొద్దుగాల్నే పోయి చూసొచ్చిండు. గని, ఈసారి వినాయకున్ని యాడ పెడదామంటవు? బడి కాడనా, గుడి కాడనా?”

“బడి కాడనే పెట్టుర్రి. నా చందా అమ్మనడుగు.”

ఈ మాటలలో మొదటివి కుశలప్రశ్నలు, అవి ఎవరైనను అడుగుదురు. నిజమైన స్నేహము చివరి ప్రశ్నలో ఉన్నది. వినాయకుని ఎచట నిలుపవలెనని అడిగినవాడు, ఊరి సంగతి చెప్పుటతో తృప్తిపడక, ఊరి నిర్ణయములో అతనికి పాలు ఇచ్చినాడు. సరిహద్దులోనున్నవాడు అంతటితో వార్త వినువాడుగా గాక సంఘములోని సభ్యుడుగా నిలిచినాడు.

అడుగరానిది, దాచరానిది

ఈ స్నేహమునకు రెండు మర్యాదలు కలవు. మొదటిది, అడుగరానిదానిని అడుగకుండుట. యూనిటు ఎచటనున్నది, ఎప్పుడు కదలును, తోడు ఎందరు అన్న ప్రశ్నలకు జవాను బదులు చెప్పరాదు. చెప్పలేని స్థితిలో అతనిని నిలుపుట మిత్రధర్మము కాదు. సైన్యము 2020 జూలైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మొదలుగా 89 యాప్‌లను ఫోనుల నుండి తొలగించవలసినదని తనవారిని ఆదేశించుటకు ఇట్టి భద్రతయే హేతువు. అతడు పంపిన ఫొటోను మనము గర్వముతో పదిమందికి పంపుటయు ఆపదకు దారి తీయవచ్చును.

రెండవది, దాచరానిదానిని దాచకుండుట. ఇంటివారు ప్రేమచేతనే అబద్ధమాడుదురు. తండ్రి మంచమున పడియున్నను “మంచిగున్నడు బిడ్డా” అని తల్లి చెప్పును. ఆ కంఠములోని వణకును కొడుకు కనిపెట్టును. కనిపెట్టి, సత్యమును ఊహించుకొని, ఉన్నదానికంటె పదింతలు భయపడును. అప్పుడతడు చేయు రెండవ ఫోను మిత్రునికే. “బాపుకు షుగర్ పెరిగింది. నేనే ఎం.జి.ఎం. దవాఖానకు తీస్కపోయి చూపించిన. మందులు తెచ్చిన, సోమవారం మల్ల తీస్కపోత. ఫికర్ చెయ్యకు.” నిజము, చేసిన పని, చేయబోవు పని: ఈ మూడును క్రమముగా చెప్పిన ఇట్టి మాట ఆ రాత్రి సరిహద్దులో ఒక మనిషిని నిశ్చింతగా నిలువజేయును.

2025 మే నెలలో నియంత్రణరేఖపై కాల్పులు చెలరేగి, శ్రీసత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీనాయక్ వీరమరణము పొందినప్పుడు, రెండు తెలుగు రాష్ట్రములలోని తండాలు తల్లడిల్లెను. అట్టి దినములలో ఫోను మోగదు; టెలివిజను మాత్రము ఆగదు. ధ్రువపడని వార్తలు ఇంటిలోనికి దూరకుండ, ఆ తలిదండ్రుల ప్రక్కన కూర్చుండి, అధికారికముగా వచ్చినదానినే నెమ్మదిగా చెప్పువాడు ఒకడు కావలెను. ఆ పని దగ్గరి మిత్రుడే చేయగలడు.

సెలవు ముగిసిన తరువాత

సాధారణ జవానుకు ఏటా అరువది దినముల వార్షిక సెలవును, దానిపై ముప్పది దినముల వరకు ఇతర సెలవును లభించును. 2022లో ప్రకటింపబడిన పథకము క్రింద చేరిన అగ్నివీరునికి లభించునవి ముప్పదియే. వానిలో పెండ్లిండ్లు, ఇంటి మరమ్మతులు, బ్యాంకు పనులు పోగా మిత్రులకు దక్కునది స్వల్పము. అంతేకాక అగ్నివీరులలో నాలుగింట ఒక వంతు వరకే నాలుగేండ్ల తరువాత సైన్యములో కొనసాగుదురు. మిగిలినవారు నిండు యౌవనములోనే ఊరికి మరలి రావలసినవారు. ఊరు వారిని అతిథులుగా చూచునా, తనవారుగా చూచునా అన్నది వారు వచ్చిననాడు తేలునది కాదు, ఈ నాలుగేండ్లును మనము వారితో ఎట్లు మాటలాడినామన్నదానిపై ఆధారపడియుండును.

కావున ప్రతి పల్లెలోని మిత్రబృందమును కోరునది ఒక్కటే. పనిని పంచుకొనుడు: నెలకొకమారు ఒకడు అతని తలిదండ్రులను చూచి రావలెను, ఒకడు తీరికగా నాలుగు పుటల జాబు వ్రాయవలెను, ఏలయనగా సిగ్నలు లేని రాత్రి మరల మరల చదువుకొనుటకు వీలైనది అదియే, ఒకడు అతని డ్యూటీ వేళ ఎరిగి ఫోను చేయవలెను. యువజన సంఘపు పట్టికలో అతని పేరు కొట్టివేయకుడు. కబడ్డీ జట్టు మాటయైనను, మేడారము జాతరకు బండి కట్టుట యైనను అతని అభిప్రాయము అడుగుడు, అతడు చెప్పినదానిని మన్నించుడు. దేశముకొరకు నిలిచినవానికి ఊరు చేయదగిన గౌరవములలో శిలావిగ్రహము చివరిది. సజీవుడైయున్ననాడే అతనిని ఊరి మాటలో భాగస్వామిని చేయుట మొదటిది. దానికి ప్రభుత్వపు ఉత్తర్వుగాని, చందా గాని అక్కరలేదు. ఈ ఆదివారమే మొదలు పెట్టవచ్చును.