బాలబాలికల మేధస్సు: బడిలోని భేదబుద్ధి

బాలుర మెదడు వేఱు, బాలికల మెదడు వేఱు. కావున వారికి వేర్వేఱు రీతుల బోధింపవలయునను వాదము విద్యావిషయక చర్చలలో మఱల తలయెత్తుచున్నది. బాలురు కదలుచు, పోటీపడుచు, కంటితో చూచి నేర్చుకొందురట. బాలికలు నెమ్మదిగా కూర్చుండి, మాటలతోను పరస్పర సాహాయ్యముతోను నేర్చుకొందురట. గణితము మగవారి సొత్తట, భాష ఆడువారి సొత్తట. ఈ మాటలు ఉపాధ్యాయ సభలలోను, తలిదండ్రుల సంభాషణములలోను శాస్త్రవాక్యములవలె చెలామణి యగుచున్నవి. ఆడపిల్లకు చదువేల యని పూర్వులు ప్రశ్నించినప్పుడు ఆచారము పేరు చెప్పిరి. నేటివారు శాస్త్రము పేరు చెప్పుచున్నారు. ఆచారమును ప్రశ్నించుటకు మనము కొంత అలవాటుపడితిమి. శాస్త్రమను పేరు వినినంతనే నోరు మూసికొనుచున్నాము. కావున ఆ శాస్త్రమే యేమి చెప్పుచున్నదో విచారించుట మా విధియని తలంచుచున్నాము.

ఈ వాదము క్రొత్తది కాదు. 19వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమందు పాల్ బ్రోకా యను వైద్యపండితుడు మృతుల మెదళ్లను తూచి, స్త్రీల మెదడు తేలికయని ప్రకటించెను. 1887లో ఇంగ్లండున జార్జి రోమేన్సు, స్త్రీ మెదడు పురుషుని మెదడుకంటె సుమారు 5 ఔన్సులు తక్కువ తూగును గావున బుద్ధియు తక్కువయే యుండవలయునని వ్రాసెను. అమెరికాలో హార్వర్డు విద్యాపీఠమునకు చెందిన డాక్టరు ఎడ్వర్డు క్లార్కు, బాలికలు బాలురతో సమముగా చదివినచో శరీరశక్తి యంతయు మెదడునకు మరలి సంతానావయవములు క్షీణించునని 1873లో ఒక గ్రంథమునే వెలువరించెను. ఆ మరుసటి యేట, అనగా 1874లో, ధవళేశ్వరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు బాలికా పాఠశాలను నెలకొల్పిరి. హార్వర్డు పండితునికంటె ధవళేశ్వరపు పంతులుగారే సత్యమునకు సమీపముగా నుండిరని కాలము తీర్పు చెప్పినది.

ఆనాటి కొలబద్ద స్త్రీల తలలతో ఆగలేదు. అదే కొలబద్దతో యూరపు పండితులు ఆసియా, ఆఫ్రికా ప్రజల కపాలములను గూడ కొలిచి, తమ జాతిని శిఖరమునను, పాలిత జాతులను పాదముకడను నిలిపిరి. మన దేశమున 1901 జనాభా లెక్కలకు అధికారియైన హెర్బర్టు రిస్లీ భారతీయుల ముక్కుల వెడల్పును పొడవును కొలిచి, ఆ నిష్పత్తిని బట్టి కులముల హెచ్చుతగ్గులను నిర్ణయింపజూచెను. పాలింపబడుటకే పుట్టినవారమని మనలను నమ్మింపజూచిన విద్య యిది. దానిని త్రోసిపుచ్చి స్వరాజ్యమును సాధించిన జాతి, తన బిడ్డలలో సగముమందిపై అదే కొలబద్దను మఱల ప్రయోగించుట తగునా?

అభిమానము మాత్రమే ప్రమాణము కాదు గనుక ప్రమాణములను పరికింతము. పురుషుల మెదడు సగటున నూటికి పదిపాళ్లు పెద్దదను మాట నిజము. పురుషుల శరీరమును సగటున పెద్దదే. గుండెయు, ఊపిరితిత్తులును పెద్దవే. అంతమాత్రమున బుద్ధి పెద్దది కానేరదు. మెదడు కుడి యెడమ భాగములను కలుపు నరముల వంతెన స్త్రీలలో వెడల్పుగా నుండుననియు, అందుచేతనే వారు మాటకారులనియు ఒక ప్రసిద్ధవాక్యము కలదు. దీనికి మూలము 1982లో ప్రకటింపబడిన యొక చిన్న వ్యాసము. అందు పరీక్షింపబడినవి 14 మెదళ్లు మాత్రమే. 1997లో బిషప్, వాల్‌స్టెన్ అను పరిశోధకులు ఈ విషయమై జరిగిన 49 పరిశోధనలను సమీక్షించి, ఆ భేదము నిలువదని తేల్చిరి. పదునాలుగు మెదళ్లనుండి పుట్టిన యపవాదు కోట్ల బాలికలను నేటికిని వెంటాడుచున్నది!

2015లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞురాలు డాఫ్నా జోయెల్, ఆమె సహచరులు, 1,400కు పైగా మెదళ్ల అయస్కాంత చిత్రములను పరిశీలించిరి. అన్ని భాగములును కేవలము పురుషలక్షణములుగా గాని, కేవలము స్త్రీలక్షణములుగా గాని యున్న మెదళ్లు నూటికి పదియైనను లేవు. తక్కినవన్నియు ఆ లక్షణములును ఈ లక్షణములును కలిసిన చిత్రవర్ణపు బొంతలు. 2021లో లీజ్ ఎలియట్ అను నాడీశాస్త్రజ్ఞురాలు మూడు దశాబ్దముల పరిశోధనలను సమీక్షించి, పరిమాణభేదమును మినహాయించినచో మెదళ్ల నిర్మాణమున కానవచ్చు వైవిధ్యములో నూటికి ఒక పాలు మాత్రమే లింగభేదమువలన కలుగుచున్నదని చెప్పెను.

అయినచో బాలబాలికలలో భేదమే లేదా? కలదు, దానిని దాచుట మా యుద్దేశము కాదు. బాలికలు ఒకటి రెండేండ్లు ముందుగా యౌవనదశను ప్రవేశింతురు. మెదడు మొత్తపు పరిమాణము వారిలో సుమారు 10, 11 ఏండ్లకును, బాలురలో 14, 15 ఏండ్లకును పరాకాష్ఠనందునని 2007లో ఒక పరిశోధన తెల్పినది. చదువరితనమున బాలికలు మిన్న. 2018లో జరిగిన పీసా అంతర్జాతీయ పరీక్షలో పాల్గొన్న దేశములన్నిటను బాలికలే ముందుండిరి, సగటు భేదము 30 మార్కులు. ఒక ఆకారమును మనస్సులో త్రిప్పి చూచు పరీక్షలలో బాలుర సగటు హెచ్చు. ఇవి సగటుల మాటలు. సగటు వేఱు, ఎదుట బల్లపై కూర్చున్న బిడ్డ వేఱు. 2005లో జానెట్ హైడ్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు 46 సమీక్షలను క్రోడీకరించి, స్త్రీపురుష భేదములుగా చెప్పబడు వానిలో నూటికి 78 పాళ్లు స్వల్పములో, శూన్యప్రాయములో యని చూపెను. బాలుర గుంపును, బాలికల గుంపును ప్రక్కప్రక్కన నిలిపినచో రెండు గుంపుల నడుమ భేదముకంటె ఒక్కొక్క గుంపులోని భేదమే యెక్కువ. బిడ్డ బాలుడని తెలిసినంతమాత్రమున వాని గణితశక్తి తెలియదు. బాలికయని తెలిసినంతమాత్రమున ఆమె భాషాశక్తి తెలియదు. తెలియని దానిని తెలిసినట్లు నటించి పాఠక్రమమును మార్చువాడు వైద్యుడు కాడు, సోదెకాడు.

ఈ యల్పభేదములైనను పుట్టుకతో వచ్చినవా, బడిలో మొలచినవా యను ప్రశ్న మిగిలినది. దీనికి ఫ్రాన్సు దేశమునుండి గట్టి సమాధానము లభించినది. 2018 మొదలుకొని నాలుగేండ్లు అచ్చట మొదటి తరగతిలో చేరిన 26 లక్షలకు పైగా బాలబాలికల పరీక్షాఫలితములను శోధకులు పరిశీలించి 2025లో ప్రకటించిరి. బడిలో చేరిననాడు గణితమున ఇరువురకును భేదము లేనట్లే. నాలుగు నెలలు గడచునప్పటికి బాలురు ముందంజవేసిరి. ఏడాది నిండునప్పటికి ఎడము ఇంకను పెరిగినది. భేదము పిల్లల వయస్సును బట్టి గాక, వారు బడిలో గడపిన కాలమును బట్టి పెరుగుట గమనింపదగినది. నాలుగు నెలలలో మెదడు మాఱిపోలేదు, మాఱినది పరిసరము.

మన దేశముననే మఱియొక నిదర్శనము కలదు. ఈశాన్యమున ఖాసీలు, కార్బీలు ఇరుగుపొరుగు ప్రజలు. ఖాసీలలో ఆస్తి కడపటి కుమార్తెకు సంక్రమించును, కార్బీలలో కుమారులకే. 2011లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఈ రెండు సమాజముల స్త్రీపురుషులకు ముక్కలను కూర్చి బొమ్మను పూరించు పరీక్ష పెట్టిరి. కార్బీలలో పురుషులు త్వరగా పూరించిరి; ఖాసీలలో స్త్రీపురుష భేదము కానరాలేదు. ఆస్తిహక్కు మాఱినచో ఆకారజ్ఞానమున భేదము మాయమగునేని, ఆ భేదమునకు మూలము కపాలములో వెదకుట కంటె దస్తావేజులలో వెదకుట మేలు.

తరగతిగదిలో ఉపాధ్యాయుని చూపే బిడ్డకు తొలి పాఠము. ఇజ్రాయెలు దేశమున లావీ, శాండ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, పేరు తెలియకుండ దిద్దిన మార్కులను, పేరు తెలిసి సొంత ఉపాధ్యాయులు వేసిన మార్కులను పోల్చిచూచిరి. ప్రాథమిక తరగతులలో బాలుర యెడ పక్షపాతము చూపిన ఉపాధ్యాయులకడ చదివిన బాలికలు, పెద్దతరగతులకు వచ్చిన పిదప ఉన్నత గణితమునకు దూరమగుట వారు కనుగొనిరి. అవిభక్త ఆంధ్రప్రదేశమున గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల విద్యార్థులను ఐదేండ్లపాటు పరిశీలించి, కార్తీక్ మురళీధరన్, కేత్కీ షేఠ్ 2016లో ప్రకటించిన ఫలితములు మనకు మఱింత సమీపములు. బాలికలు ఏటేట బాలురకంటె కొంచెము కొంచెముగా వెనుకబడుచుండిరి. ఉపాధ్యాయిని బోధించిన యేటమాత్రము వారి అభ్యున్నతి హెచ్చినది. బాలురకు దానివలన నష్టమేమియు కలుగలేదు. మెదడును మార్చుట మన చేతిలో లేదు. ఉపాధ్యాయినులను నియమించుట మన చేతిలోనే యున్నది.

వేర్వేఱు పాఠశాలల మాట యొకింత విడమర్చి చెప్పవలయును. బాలికలకు ప్రత్యేక పాఠశాల లుండుటను మేము నిరసింపము. దూరము, భద్రత, మరుగుదొడ్లు, తలిదండ్రుల జంకు మున్నగు కారణములచే అనేక గ్రామముల బాలికలకు ఆ పాఠశాలలే చదువునకు ద్వారములైనవి. ఇది సాంఘిక కారణము, న్యాయమైన కారణము. మెదళ్లు వేఱు గావున తరగతులు వేఱుగా నుండవలయుననుట వేఱొక మాట. అమెరికాలో 2006 నిబంధనల సడలింపు తరువాత అట్టి తరగతులు విరివిగా వెలసినవి. 21 దేశములకు చెందిన 16 లక్షల విద్యార్థుల ఫలితములను 2014లో సమీక్షింపగా, కుటుంబస్థితిగతులను సరిచూచి లెక్కించిన పరిశోధనలలో విడితరగతులవలన చెప్పుకోదగిన లాభమేదియు కానరాలేదు.

ఈ విషయమున మన జాతి యెన్నడో నిర్ణయము చేసికొన్నది. రాజమహేంద్రవరమున జన్మించిన శ్రీమతి దుర్గాబాయి దేశముఖు తొలి అధ్యక్షురాలుగా 1959లో జాతీయ స్త్రీవిద్యా మండలి యేర్పడినది. బాలబాలికలకు పాఠ్యక్రమము వేఱుగా నుండవలయునా యను ప్రశ్నను విచారించుటకు ఆ మండలి శ్రీమతి హంసా మెహతా అధ్యక్షతను ఒక సంఘమును నియమించినది. పాఠ్యక్రమము బిడ్డ యభిరుచిని, శక్తిని బట్టి యుండవలయునే గాని లింగమును బట్టి కాదని ఆ సంఘము తీర్మానించినది. 1964-66 నాటి కొఠారీ విద్యాసంఘము ఆ మతమునే బలపఱచినది. అనగా అయస్కాంత చిత్రములు వెలువడుటకు పూర్వమే మన పెద్దలు ఈ చిక్కును విప్పిరి. వారు విప్పిన ముడిని నేడు మనము మఱల వేయుచున్నాము.

ఆచరణను చూడుడు. తెలుగు రాష్ట్రములు రెంటను ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినప్పుడెల్ల ఉత్తీర్ణతలో బాలికలు ముందున్నారను వార్తను పత్రికలు ప్రకటించుట పరిపాటి. అదే బాలికలు ఐఐటీల ద్వారముకడ పలుచనగుటచే, 2018లో వారికై అదనపు సీట్లను కల్పింపవలసివచ్చినది. మెదడే కారణమైనచో ఇంటర్మీడియేటు గణితమునందును వారు తడబడవలదా? దూరపట్టణమునకు పంపి, లక్షలు వెచ్చించి శిక్షణ యిప్పించుట కుమారునికే తగునని తలంచు గృహములెన్ని లేవు? ఖర్చును కొడుకున కిచ్చి, కొఱతను కూతురి మెదడునకు అంటగట్టుట న్యాయము కాదు.

ఈ భేదబుద్ధి బాలురకును మేలు చేయుట లేదు. మగపిల్లవాడు అల్లరియే చేయును, పుస్తకము పట్టడు, అది వాని స్వభావమని చెప్పి, చదువరితనమున వెనుకబడిన వేలకొలది బాలురను మనము వదలివేయుచున్నాము. స్వభావమన్న మాట ఉపాధ్యాయునికి మంచి సాకు; బిడ్డకు మాత్రము శాశ్వత శిక్ష. కథలు చదివి వినిపింపుడు, గ్రంథాలయము తలుపు తెఱవుడు, వాడును చదువును.

కావున మేము కోరునది యిది. ఉపాధ్యాయ శిక్షణలో మగమెదడు, ఆడుమెదడు అను పాఠములకు స్థానము లేకుండవలయును. ప్రాథమిక తరగతులలో గణితప్రశ్నకు సమాధానము చెప్పుటకు బాలికలను బాలురతో సమముగా పిలువవలయును. బిగ్గరగా చదువుటకు బాలురను బాలికలతో సమముగా నిలుపవలయును. గ్రామ పాఠశాలలలో ఉపాధ్యాయినుల సంఖ్య పెరుగవలయును. పాఠ్యపుస్తకములలో కొలుచువాడెప్పుడును రాముడు, వండునదెప్పుడును సీతగా నుండరాదు. మార్కులు వేయునప్పుడు పేరు కనబడకుండుట వీలైనంతవఱకు పాటింపవలయును. వీనిలో ఏదియు గొప్ప ధనవ్యయమును కోరదు. మనస్సు మాఱుటనే కోరును.

మొక్కై వంగనిది మానై వంగునా యని మన సామెత. మొక్కను వంచువారమే మనమైనప్పుడు, వంకర మొక్కదని చెప్పుట మానవలయును. బడి గడపను దాటి వచ్చిన ప్రతి బిడ్డయు ఒక ప్రత్యేక ప్రపంచము. దానిని బాలుడని, బాలికయని రెండు గూళ్లలో కుక్కుట బోధన కాదు. తలలను కొలుచు కాలము గతించినది. తలలకు పని చెప్పుట నేర్చుకొందము.