చెక్కభజనకు టిక్కు కావలెనా?

మైదుకూరు ప్రాంతమునందలి చెక్కభజన బృందములోని పాఠకులొకరు వ్రాసిన ఉత్తరము, ఈ మాసమునకై నేను సిద్ధము చేసికొనిన విషయమును ప్రక్కకు నెట్టివేసినది. తమ పాటలను రికార్డు చేయించి యూట్యూబులో నుంచవలెనని వారు ఒక స్టూడియోకు పోగా, అచ్చటివారు ఒక్కొక్కరి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, నిమిషమునకిన్ని దెబ్బలని నిర్ణయించి యంత్రముచేత టిక్కుటిక్కుమనిపించుచు, గురువును, డోలక్కును, హార్మోనియమును, చెక్కలను వేరువేరుగా వాయింపజేసి, పిదప అన్నిటిని ఒక్కటిగా కూర్చిరట. పాట శుభ్రముగానే వచ్చినదట గాని, రామాలయము ముందర తామాడుచు పాడునప్పటి పాట అది కాదని బృందమందరికిని తోచినదట. లోపము మాదా, ఆ టిక్కుదా యని వారి ప్రశ్న. టిక్కుదేయని నా దృఢాభిప్రాయము. దానికి మనోభావములతో గాక గణితముతోనే సమాధానము చెప్పవచ్చును గనుక, ఈ ప్రశ్న నన్ను వదలినది కాదు.

క్లిక్‌ట్రాకు అనబడు ఈ టిక్కు పూర్వకథ క్లుప్తముగా చెప్పెదను. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ అను యంత్రకారుడు 1814లో కల్పించిన లయయంత్రమును మెల్జెల్ అనునతడు గ్రహించి, 1815లో తన పేర మెట్రోనోమ్ అని పేటెంటు పొందెను. శబ్దచిత్రములు వచ్చిన తొలినాళ్లలో హాలీవుడ్ వారు ఫిల్ము అంచున రంధ్రములు పొడిచి, ఆ రంధ్రముల టపటపను వాద్యకారుల చెవులకు వినిపించిరి. సెకనునకు 24 చట్రముల వంతున ఫిల్ము పరుగిడును గనుక, పండ్రెండు చట్రములకొక రంధ్రము చొప్పున పొడిచినచో నిమిషమునకు 120 దెబ్బలు సిద్ధము. బొమ్మలోని పాత్ర అడుగు వేసిన క్షణముననే వాద్యము మ్రోగవలెనన్నది వారి అవసరము. అనగా ఈ టిక్కు జన్మించినది దృశ్యమునకు సేవచేయుటకే గాని, వాద్యకారులకు లయ నేర్పుటకు కాదు.

ఇక అసలు విషయము. ఒక మనుష్యుని కూర్చుండబెట్టి, క్రమము తప్పక మ్రోగు టిక్కుతోపాటు వ్రేలితో బల్లమీద కొట్టుమన్నచో ఏమగును? టిక్కు విని కొట్టును గనుక వ్రేలు కొంత ఆలస్యముగా పడునని ఎవరైనను ఊహింతురు. చెవి విన్నదానికి చేయి స్పందించుటకు సెకనులో ఏడవవంతో ఆరవవంతో పట్టును గదా. కాని జరుగునది తద్విరుద్ధము. వ్రేలు టిక్కు కంటె ముందుగానే పడును! అమెరికా మనస్తత్త్వవేత్త నైట్ డన్‌లాప్ 1910లోనే ఈ విచిత్రమును ప్రకటించెను. సామాన్యులలో ఈ తొందర 20 మొదలు 80 మిల్లీసెకనుల వరకు నుండును. మిల్లీసెకనన్నది సెకనులో వేయవవంతు. కొట్టువానికి మాత్రము తాను సరిగా టిక్కుమీదనే కొట్టుచున్నానను దృఢవిశ్వాసము. అనగా మానవుడు టిక్కును అనుసరించుట లేదు. రాబోవు టిక్కును ముందుగా ఊహించి, ఆ ఊహమీద కొట్టుచున్నాడు.

ఎందుకీ తొందర? ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ ఫ్రెయిస్ ఒక చక్కని కారణము చెప్పెను. వ్రేలి స్పర్శ నాడులగుండ మెదడును చేరుటకు, చెవినుండి శబ్దము చేరుటకంటె ఎక్కువ కాలము పట్టును గనుక, రెండును మెదడులో కలిసికొనవలెనన్న వ్రేలు ముందుగా కదలవలసినదే యని. పాదముతో కొట్టినప్పుడు తొందర మరింత హెచ్చుట ఈ వాదమునకు బలము చేకూర్చినది. ఎంత సొగసైన వాదమో! అయినను అది చాలదు. 2000లో జర్మనీకి చెందిన వోల్ష్లేగర్, కోఖ్ అనువారు రెండు టిక్కుల నడుమనున్న శూన్యమును చిన్నచిన్న శబ్దములతో నింపి చూడగా, తొందర బాగుగా తగ్గిపోయినది. నాడుల పొడవు మారలేదు గదా! మారినది నడుమనున్న శూన్యమే. శూన్యకాలమును మనము ఉన్నదానికంటె తక్కువగా లెక్కించుకొనెదమని వారి సిద్ధాంతము. ఇచ్చట మన చెక్కలను తలచికొనక తప్పదు. చెక్కలలో గ్రుచ్చిన ఇనుప బిళ్లల గలగల, కాళ్ల గజ్జెల మ్రోత, తాళముల సవ్వడి, ఇవన్నియు దెబ్బకు దెబ్బకు నడుమనున్న శూన్యమును ఎడతెగక నింపుచునే యుండును. ఆ నిండుదనమును తొలగించి, ఒంటరి డోలక్కువానికి ఒంటరి టిక్కును వినిపించుట యనగా, అతని చేయి తొందరపడుటకు అనువైన పరిస్థితిని పనిగట్టుకొని కల్పించుటయే.

నాకు మిక్కిలి ప్రియమైన భాగము ఇప్పుడు వచ్చుచున్నది. మనిషి చేయి యంత్రము కాదు. ప్రతి దెబ్బయు కొంత అటో ఇటో తప్పును. ఆ తప్పులు కూడుకొని కూడుకొని లయ చెదరిపోవలసియుండగా చెదరకుండుటకు కారణము, ప్రతి దెబ్బ తరువాతను మెదడు ఎంత తప్పితినో చూచుకొని, తరువాతి దెబ్బలో కొంతభాగము సరిదిద్దుకొనుటయే. అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలలో బ్రూనో రెప్ జీవితకాలము ఈ దిద్దుబాటునే పరిశోధించెను. టిక్కును వినువానికి తెలియనంత స్వల్పముగా ముందునకో వెనుకకో జరిపినను, చేయి దానిని గ్రహించి సర్దుకొనునని ఆయన 2000లో చూపెను. చెవిగల మనిషికి తెలియని దానిని చేయి ఎరుగును! ఇంతటి అద్భుతము మన దేహమున నిత్యము జరుగుచుండగా మనము గమనింపనే గమనింపము.

ఇప్పుడు ఇద్దరు వాద్యకారులను ఊహింపుడు. మొదటివాడు రెండవవానికంటె 20 మిల్లీసెకనులు ముందున్నాడు. ఇద్దరును దోషము పూర్తిగా తనదేయని తలచినచో, మొదటివాడు 20 వెనుకకు తగ్గును, రెండవవాడు 20 ముందునకు జరుగును. తరువాతి దెబ్బకు రెండవవాడే 20 ముందుండును. ఇట్లు తప్పు చేతులు మారుచునే యుండును గాని తీరదు. ఎవడును దిద్దుకొననిచో తప్పు అట్లే నిలుచును. ఇద్దరును చెరిసగము సర్దుకొన్నచో, ఒక్క దెబ్బలో అంతరము సున్న! కూడి వాయించుటలోని రహస్యమంతయు ఈ చెరిసగమునందే యున్నది. బృందములో ఏండ్లతరబడి కలసి వాయించినవారు, ఎవరితో ఎంత సర్దుకొనవలెనో ఆ పాలును చేతులతో నేర్చికొనియున్నారు. టిక్కు మాత్రము ఎవరి మాటయు వినదు. భారమంతయు వాద్యకారునిపైననే పడును, ఏండ్లతరబడి నేర్చిన ఆ పాలు నిరుపయోగమగును. డెన్మార్కులో ఇవానా కొన్‌వలింకా బృందము 2010లో ప్రచురించిన పరిశోధన ఇచ్చట గమనింపదగినది. ఒకరినొకరు వినుచు కొట్టిన ఇద్దరు మనుష్యులు, కొంత అటునిటు తడబడువారయ్యును, లేశమైనను తడబడని కంప్యూటరుతో కూడినంత చక్కగానే ఒకరితో నొకరు కూడిరి. అనగా వినెడి గుణము స్థిరత్వమునకు సరితూగినది!

ఇట్టి పరస్పర సర్దుబాటును గడియారములలో సయితము పూర్వమే గమనించిరి. 1665లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ జబ్బుతో మంచము పట్టియుండి, ఒకే దూలమునకు వ్రేలాడు తన రెండు లోలక గడియారములు కొంతసేపటికి ఒక్క లయకు వచ్చుటను గమనించెను. మొదట ఆయన గాలి కదలికయే కారణమని పొరపడెను. పిదప కంటికి కనబడని దూలపు కంపనమే ఒక గడియారపు వార్తను రెండవదానికి చేరవేయుచున్నదని తేల్చెను.

ఇక వేగమును గూర్చి. పాట పోనుపోను వేగమందుకొనుటను స్టూడియోవారు దోషముగా నెంచుదురు. కాని కూడి చప్పట్లు కొట్టు జనసమూహము వేగము పెంచుననియు, గుంపు ఎంత పెద్దదైన ఈ పెరుగుదల అంత హెచ్చనియు 2018లో ఒక పరిశోధన తేల్చినది. మన చెక్కభజనలో అడుగు నెమ్మదిగా మొదలై, దరువు మారుచు, తుదకు ఉధృతమగుట ఈ స్వభావమునకు కళారూపము. మానవదేహము సహజముగా పోవు త్రోవను మన పెద్దలు గుర్తించి పాటను ఆ త్రోవనే నడిపించిరి. దానిని ఒకే అంకెకు కట్టివేయుట భజనను భజన గాకుండ చేయుటయే. రాజంపేట చెంతనున్న తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుని కీర్తనల రాగిరేకులపై రాగనామములు చెక్కబడినవి గాని తాళనామములు సాధారణముగా చెక్కబడలేదు; కాలప్రమాణము పాడువారికే విడువబడినది.

అందరును సమముగా సర్దుకొనవలెనని కూడ నియమము లేదు. ఆలన్ వింగ్ మొదలగువారు 2014లో రెండు తంత్రీవాద్య చతుష్టయములను కొలిచి చూడగా, ఒకదానిలో నలుగురును సమముగా సర్దుకొనుచుండిరి. రెండవదానిలో మొదటి వయొలిన్ వాద్యకారిణి తక్కువగాను, తక్కినవారు ఆమె వైపునకు ఎక్కువగాను జరుగుచుండిరి. చెక్కభజన గురువు ఈ రెండవ తెగవాడు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధతో మొదలైన సురభి నాటకములలో, పద్యము నెత్తుకొనిన నటుని ఊపిరి వెంట నడచిన హార్మోనిస్టును ఈ కోవలోనే చేర్చెదను.

టిక్కు పక్షమున చెప్పదగినది లేకపోలేదు. సినిమా పాటకు నృత్యము కూర్చువారికి, ఒక్కొక్క వాద్యమును వేరువేరు ఊళ్లలో రికార్డు చేయువారికి అది అవసరమే. కాని అనేకచోట్ల దానిని వాడుట వాద్యకారుని మేలుకొరకు గాక, తరువాత కత్తిరించి అతికించువారి సౌకర్యము కొరకేయని నా ఫిర్యాదు. 1963లో మొదలైన కడప ఆకాశవాణి వంటి కేంద్రములలో బృందమంతయు ఒకే గదిలో మైకుల ముందు కూర్చుండి పాడిన కాలమున, ఈ కత్తిరింపు లేకయే శ్రోతలు తృప్తిపడిరి గదా.

కావున మైదుకూరు మిత్రులకు నా సలహా ఇది: ఒకే చోట నిలిచి, ఒకరినొకరు వినుచు, చూచుచు, ఒక్కసారిగా రికార్డు చేయింపుడు. ఏదైనను తరువాత చేర్చవలసివచ్చినచో, టిక్కుకు బదులు గురువు పాడిన ఆ రికార్డునే వినుచు వాయింపుడు. కంప్యూటరుకు టిక్కు కావలసినచో, మీ డోలక్కు దెబ్బలనుండియే దానిని తయారుచేసికొను ఉపాయమును నేటి సాఫ్ట్‌వేరులు ఎరుగును. నిలుచు దూరమును కూడ గమనింపుడు. కర్నూలు, కడపల వేసవిలో 40 డిగ్రీల ఎండకు శబ్దము సెకనునకు సుమారు 355 మీటర్లు పోవును. అనగా పది మీటర్ల వలయములో ఎదుటివాని చెక్క చప్పుడు మీకు 28 మిల్లీసెకనులు ఆలస్యముగా వినబడును. స్టాన్‌ఫర్డ్‌లో క్రిస్ చేఫ్ బృందము జంటలచేత చప్పట్లు కొట్టించి చూడగా, ఆలస్యము పది మిల్లీసెకనులకు లోబడినచో వేగము పెరిగినది, ఇరువదికి మించినచో మందగించినది, ఆ నడుమ నిలకడగా నున్నది. మీ వలయపు వ్యాసము నాలుగు మొదలు ఏడు మీటర్ల లోపల నుండునట్లు చూచుకొని, గురువును అందరికిని కనబడుచోట నిలిపి, మైకును వలయమునకు నడుమ నుంచుడు.