బాయిల గాలికి లెక్కుంది, థియేటర్ల గాలికి ఏది?

మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి... మంచిర్యాల చుట్టూ ఉన్నవన్నీ బొగ్గు ఊళ్లే. గ్యాసు అంటే ఏమిటో ఇక్కడి కార్మికుల ఇండ్లల్లో వేరే చెప్పనక్కర్లేదు. బాయి నుంచి బయటికి తిరిగొచ్చే గాలిలో మీథేన్ 0.75 శాతం మించొద్దని, లోపల ఏ మూలనైనా 1.25 శాతం దాటొద్దని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలే గీత గీశాయి. వాసన లేని ఆ గ్యాసును దీపం మంటలో పసిగట్టే పద్ధతీ ఉండేది. గీత గీసినంత మాత్రాన అమలైందని మేము అనడం లేదు. కానీ గీతంటూ ఉంటే కొట్లాడటానికి ఒక పట్టు దొరుకుతుంది.

అదే ఇంటి ఆడమనిషి ఆపరేషన్ థియేటర్లో నేల తుడిచే పనికి పోతే, ఆమె పీల్చే గాలిని కొలిచేదెవరు?

రోగికిచ్చే నైట్రస్ ఆక్సైడ్, హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ అంతా రోగి ఒంట్లోనే ఉండిపోదు. మాస్కు మొహానికి సరిగా అతకకపోయినా, గొట్టాల అతుకులు వదులైనా, మందు నింపేటప్పుడు ఒలికినా గదిలోకొస్తుంది. ఆపరేషన్ అయిపోయాక కూడా రోగి ఊపిరితో దాన్ని వదులుతూనే ఉంటాడు. స్ట్రెచర్ నెట్టేవాళ్లు, వాంతులు ఎత్తేవాళ్లు ఆ ఊపిరికి మూరెడు దూరంలోనే ఉంటారు.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 1977లోనే హద్దులు సూచించింది: పది లక్షల పాళ్ల గాలిలో నైట్రస్ ఆక్సైడ్ 25 పాళ్లు, హాలోథేన్ వంటివి 2 పాళ్లు మించకూడదు. హాలోథేన్ ఈ హద్దుకు 125 రెట్లు చేరినా సగం మందికి వాసనే తెలియదట. ‘వాసన రావట్లేదు కదా’ అనే మాటకు ఇక విలువేముంది? మూతికి కట్టుకునే గుడ్డ మాస్కు గ్యాసును ఆపదు.

హాని సంగతి. 1967లో సోవియట్ డాక్టర్ వైస్‌మన్ మత్తు డాక్టర్లను విచారిస్తే, 31 గర్భాల్లో 18 పోయినట్టు తేలింది. పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు కాబట్టి దాన్ని తుదిమాటగా తీసుకోలేం. 1992లో అమెరికాలో దంతవైద్యుల సహాయకుల మీద వచ్చిన పరిశోధన మాకు ఎక్కువ ముఖ్యం. వారానికి ఐదు గంటలు, ఆపైన నైట్రస్ ఆక్సైడ్ మధ్య పనిచేసిన ఆడవాళ్లకు గర్భం నిలవడం ఆలస్యమైంది. అయితే వాడిన గ్యాసును లాగేసే ఏర్పాటు ఉన్నచోట ఆ తేడా కనపడలేదు. అంటే ఇది తలరాత కాదు, ఒక గొట్టం ఉండటం, లేకపోవడం.

ఆ గొట్టం యంత్రం నుంచి గది బయటికి పోవాలి. ఉన్న గాలినే తిప్పితిప్పి చల్లబరిచే ఏసీ పనికిరాదు, బయటి గాలి రావాలి. బొగ్గు డబ్బాలు హాలోథేన్ జాతిని పీల్చుకుంటాయి గాని నైట్రస్ ఆక్సైడ్‌ను పట్టుకోలేవు. ఈ సంగతి తెలియక డబ్బా పెట్టి నిశ్చింతగా ఉండేవాళ్లుంటారు.

ఇక మనుషుల సంగతి. ఊడ్చే పని ఏ వాడకు అంటగట్టారో ఈ పత్రిక పాఠకులకు విడమర్చనక్కర్లేదు. ఇప్పుడా పని చాలాచోట్ల ఏజెన్సీ కింద ఉంది. మత్తు డాక్టరు థియేటర్ సిబ్బంది, తుడిచే ఆమె మాత్రం ఏజెన్సీ మనిషి! తల తిరుగుతోందంటే ‘తిన్నవా లేదా’ అని అడుగుతారు. కడుపుతో ఉన్నామె వేరే పని అడిగితే కూలి పోతుందనే భయం.

మంచిర్యాలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ చదివే మన పిల్లలు ఏ థియేటర్లో అడుగుపెట్టినా మొదట వెతకాల్సింది ఆ గొట్టం రెండో కొస ఎక్కడ తేలుతుందో. తర్వాత అడగాల్సింది, గాలి కొలిచిన రిజిస్టరు ఏది, అందులో తుడిచే ఆమె పేరుందా అని.