కంప్యూటర్ ఆన్ కావడం లేదా? ‘ఫార్మాట్’ అనే ముందు ఇవి చూడండి

పొద్దున్నే బటన్ నొక్కితే డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆన్ కాదు. ఇంట్లో వాళ్లకు ముందు గుర్తొచ్చేది దాని ధర కాదు, అందులో ఉన్నవి. దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉన్న కొడుకు వీసా కాగితాల స్కాన్లు, షాదీ ఫొటోలు, పిల్లల మార్కుల మెమోలు. డీటీపీ సెంటర్ అయితే ఇంకా కష్టం. రేపు ఇవ్వాల్సిన పెళ్లి కార్డు ఉర్దూ మ్యాటర్ ఇన్‌పేజ్‌లో, తెలుగు మ్యాటర్ పేజ్‌మేకర్‌లో అందులోనే ఉండిపోతుంది. ఆ కంగారులో డబ్బాను షాపుకు మోసుకెళ్తే ‘ఫార్మాట్ కొట్టాలి’ అనేస్తారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు.

కంప్యూటర్ ఎక్కడిదాకా వచ్చి ఆగుతోందో ముందు చూడాలి. ‘ఆన్ కావడం లేదు’ అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. కరెంటే లోపలికి రాకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరుగుతున్నా స్క్రీన్ మీద ఏమీ రాకపోవడం రెండోది. కంపెనీ లోగో దాకా వచ్చి విండోస్ తెరుచుకోకపోవడం మూడోది. ఫార్మాట్ అనే మాటకు కాస్తైనా చోటున్నది ఈ మూడోదాంట్లోనే.

కరెంటే రాకపోతే యూపీఎస్‌ను పక్కన పెట్టి, నేరుగా గోడ సాకెట్‌లో ప్లగ్గు పెట్టి చూడాలి. పోయింది యూపీఎస్ బ్యాటరీ, నింద మాత్రం కంప్యూటర్ మీద పడుతుంటుంది. వెనకవైపు ఎస్‌ఎంపీఎస్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది, ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఆఫ్ అయినా అయి ఉండొచ్చు. చాలా మానిటర్లకు వచ్చే పవర్ కేబులే డబ్బాకూ సరిపోతుంది కాబట్టి దాన్ని మార్చి చూడొచ్చు. అయినా లాభం లేకపోతే ప్లగ్గు తీసేసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టాలి.

పక్క మూత తీస్తే చాలా మదర్‌బోర్డుల మీద చిన్న లైటు కనిపిస్తుంది. అది వెలుగుతూ కూడా బటన్‌కు కదలిక లేకపోతే, బటనే పాడై ఉండొచ్చు. అప్పుడు ప్లగ్గు తీసి, రీస్టార్ట్ బటన్ వైరును పవర్ బటన్ పిన్నుల మీదికి మార్చితే సరి, ఇకనుంచి రీస్టార్ట్ బటన్‌తోనే ఆన్ చేసుకోవచ్చు. లైటు కూడా లేదంటే ఎక్కువగా ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. దాన్ని మాత్రం విప్పకూడదు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది. మొత్తంగా మార్చేయడమే. అలాగని పేరు తెలియని చవక రకం కొనడం దండగ. అది కాలిపోతూ మదర్‌బోర్డునో హార్డ్‌డిస్కునో కూడా వెంట తీసుకుపోగలదు.

ఫ్యాన్లు తిరిగి స్క్రీన్ నల్లగా ఉంటే మానిటర్ కేబుల్ చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. తర్వాత అనుమానించాల్సింది ర్యామ్. దుమ్ము, వానాకాలం చెమ్మ పట్టి దాని బంగారు రంగు అంచు సరిగా అంటుకోదు. ప్లగ్గు తీసి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో ముట్టి, ర్యామ్ ఊడదీయాలి. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ అంచును మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పు ‘టక్’ అనేదాకా నొక్కి పెట్టాలి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూస్తే పోయింది ఏదో తెలిసిపోతుంది. కొత్తది కొనాల్సి వస్తే పాతదాన్ని వెంట తీసుకెళ్లాలి. డీడీఆర్3 స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట విడిభాగాల షాపులు వరసగా ఉంటాయి, నాలుగు చోట్ల ధర అడగొచ్చు.

తేదీ ప్రతిసారీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్ అయిపోయిందని అర్థం. అది 3 వోల్టుల మామూలు సెల్. కొన్ని సెకన్లు తిరిగి దానంతటదే ఆగిపోతుంటే ప్రాసెసర్ వేడెక్కుతోందేమో చూడాలి. దాని ఫ్యాన్ తిరుగుతోందా, కింది పేస్టు ఎండిపోయిందా అన్నది షాపతను చూసి చెప్పగలడు.

ఇక మూడో జబ్బు. ‘బూట్ డివైస్ లేదు’ అని ఇంగ్లీషులో వస్తే ముందు పెన్‌డ్రైవ్ పెట్టి మర్చిపోయామేమో చూసుకోవాలి, తర్వాత హార్డ్‌డిస్క్ కేబుల్ గట్టిగా ఉందో లేదో. డిస్కు నుంచి టిక్ టిక్ శబ్దం వస్తుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయవద్దు. చేసిన కొద్దీ డేటా దొరికే అవకాశం తగ్గిపోతుంది. శబ్దమేమీ లేకుండా విండోస్ 10, 11 వరసగా రెండు మూడుసార్లు తెరుచుకోకపోతే రిపేర్ స్క్రీన్ దానంతటదే వస్తుంది. స్టార్టప్ రిపేర్, సేఫ్ మోడ్, చివరగా వేసిన అప్‌డేట్ తీసేయడం అన్నీ అక్కడే ఉంటాయి. ‘రీసెట్’ నొక్కాల్సి వస్తే ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకోవాలి. ఫైళ్లు ఉంటాయి కానీ ఇన్‌పేజ్, అనూ ఫాంట్ల లాంటివి మళ్లీ వేసుకోవాలి.

‘సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డీ డ్రైవ్‌కు ఏమీ కాదు’ అని షాపుల్లో చెప్తుంటారు. ఆ మాట నిజమే. కానీ డెస్క్‌టాప్ మీద సేవ్ చేసినవి, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. మన ఇళ్లలో సగం కాగితాలు ఉండేది అక్కడే.

మదర్‌బోర్డు పోయినా హార్డ్‌డిస్కులో ఉన్నవి పోవు. డిస్కు విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కు పెట్టి కాపీ చేసుకోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద డిస్కుకు విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కేబులే కొనాలి. విండోస్ 11లో బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది, దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకాలి.

జబ్బు ఎస్‌ఎంపీఎస్‌లోనో ర్యామ్‌లోనో ఉందని తేలాక డబ్బాతో పాటు హార్డ్‌డిస్కును కూడా షాపులో వదిలి రావాల్సిన పని లేదు. ఇంటి ఆడవాళ్ల ఫొటోలు, బ్యాంకు కాగితాలు అందులో ఉన్నప్పుడు అసలే వద్దు. రెండు కేబుళ్లు, నాలుగు స్క్రూలు తీస్తే డిస్కు చేతికొస్తుంది. దాన్ని ఇంట్లో పెట్టుకుని మిగతా డబ్బా ఇచ్చి రావచ్చు.