కాల్ కోసం వేసుకున్న యాప్‌లోనే బ్యాంకు, బజారు, కెమెరా

గల్ఫ్‌లో దిగిన కొత్త మనిషికి రూమ్‌లో పాతవాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే: "సిమ్ తీసుకో, ఐమో వేసుకో, బోటిమ్ వేసుకో." ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వేసుకున్న ఇలాంటి యాప్‌లలోనే ఇప్పుడు కొన్నింటిలో పైసలు పంపొచ్చు, బిల్లు కట్టొచ్చు, అప్పు కూడా తీసుకోవచ్చు. అదే ఫోన్‌లో టిక్‌టాక్ లైవ్ ఉంది, ఫేస్‌బుక్ ఉంది, పది వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. ఇందులో మనకు పనికొచ్చేది ఏది, మెడకు చుట్టుకునేది ఏది అన్నది ఈసారి మాట్లాడుకుందాం. ఊర్లో ఉన్న కుటుంబం వాళ్లు కూడా చదవండి, సగం పని మీ చేతిలోనే ఉంటది.

మన ముందటి తరం వాళ్లు క్యాసెట్‌లో మాట రికార్డు చేసి, సెలవు మీద పోయేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. తర్వాత కాలింగ్ కార్డులు వచ్చాయి. ఐమో క్యాంపుల్లో అంతగా పాకడానికి కారణం, నెట్ బలహీనంగా ఉన్నా, చవక ఫోన్ అయినా అందులో మనిషి ముఖం కనపడేది. వాట్సాప్‌లో కాల్ 2015లో వచ్చింది. సౌదీ 2017 సెప్టెంబర్‌లో నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. యూఏఈలో మాత్రం వాట్సాప్ మెసేజ్ పోతుంది గానీ కాల్ మీద ఆంక్ష ఉంది. అక్కడ 2018 జనవరిలో ఎతిసలాత్, డూ కంపెనీలు నెలకు 50 దిర్హాముల ప్యాకేజీతో బోటిమ్ లాంటి యాప్‌లకు దారి ఇచ్చాయి. కొందరు దొంగచాటుగా వీపీఎన్ వేసుకుంటారు. నేరం చేయడానికో, దాన్ని దాచడానికో అట్లా అడ్రస్ మార్చుకుంటే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా అని యూఏఈ 2021 సైబర్ చట్టంలో ఉంది. అనుమతి ఉన్న యాప్ ఉండగా ఆ తలనొప్పి ఎందుకు?

ఇక ఈ కొత్త కంపెనీల లెక్క ఏందంటే, ముందు జనాన్ని పోగు చేయాలి. కాల్ అనేది సంత దగ్గర చలివేంద్రం లాంటిది. దాహానికి అందరూ ఆగుతారు, ఆగిన చోట దుకాణం పెడతారు. బోటిమ్‌ను 2023లో ఆస్ట్రా టెక్ అనే యూఏఈ కంపెనీ కొన్నది. అక్కడి నుంచి అది కాల్ యాప్‌గా ఆగలేదు, మనీ ట్రాన్స్‌ఫర్, వ్యాలెట్ అన్నీ అందులోకి వచ్చాయి. దీన్ని మోసం అనలేం. శుక్రవారం ఎండలో ఎక్స్ఛేంజ్ ముందు లైన్ కట్టే బాధ తప్పింది. కాకపోతే "ఫీజు లేదు" అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

పైసలు పంపేటప్పుడు మన జేబులోంచి రెండు దారుల్లో పోతుంది. ఒకటి పైకి కనపడే ఫీజు. రెండోది రేటులో కోసుకునేది, అది కనపడదు. ఒక లెక్క వేద్దాం, ఇది ఇవ్వాళ్టి రేటు కాదు, ఉదాహరణ మాత్రమే. ఒక యాప్‌లో ఫీజు లేదు, దిర్హాముకు 22 రూపాయల 40 పైసలు. ఎక్స్ఛేంజ్‌లో ఫీజు 20 దిర్హాములు, రేటు 22 రూపాయల 60 పైసలు. మీరు 1,500 దిర్హాములు పంపితే యాప్ ద్వారా ఇంట్లో 33,600 పడతాయి. ఎక్స్ఛేంజ్‌లో ఫీజు పోగా మిగిలిన 1,480కి 33,448. అంటే యాప్ మేలు. అదే 3,000 పంపితే? యాప్‌లో 67,200, ఎక్స్ఛేంజ్‌లో 67,348. లెక్క తిరగబడింది. కాబట్టి ఫీజు చూడకండి, రేటు కూడా చూడకండి, ఆఖరుకు ఇంటి ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయన్న ఒక్క అంకె చూడండి. రెండు చోట్ల అడిగి పంపండి. కలిసొస్తుందని రూమ్ వాళ్ల జీతం కూడా మీ పేరు మీద కలిపి పంపొద్దు. నెలనెలా మీ జీతం కంటే ఎక్కువ పోతుంటే జవాబు చెప్పాల్సింది మీరే.

అప్పు విషయానికి వస్తే, ఇక్కడ అప్పు తీర్చకుండా విమానం ఎక్కుదామంటే ట్రావెల్ బ్యాన్ పడి ఎయిర్‌పోర్ట్‌లో ఆగిపోయే పరిస్థితి రావచ్చు. ఊర్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఐదు నిమిషాల్లో లోన్ ఇస్తామనే యాప్‌లు 2020లో తెలంగాణలో ఎన్ని ఇళ్లను ఏడిపించాయో చూశాం. ఫోన్‌లోని నంబర్లన్నీ లాక్కుని, చుట్టాలందరికీ బూతు మెసేజ్‌లు పెట్టేవాళ్లు. ఆ తర్వాత 2022లో రిజర్వ్ బ్యాంకు, అప్పిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు ముట్టకూడదని నిబంధన పెట్టింది. కాంటాక్టుల పర్మిషన్ అడిగిందంటే ఆ యాప్ తీసేయండి.

అన్నిటికీ అసలు తాళం చెవి సిమ్. మీ పతాకా మీద తీసుకున్న సిమ్, మీ పేరు మీద ఉన్న బ్యాంకు కార్డు ఎవరికీ ఇవ్వొద్దు, తెలిసినవాడైనా సరే. "నెలరోజులు వాడుకుంటా, పైసలిస్తా" అని ఖల్లివెల్లి అయినవాళ్లో, ఎవరో బ్రోకరో అడుగుతారు. ఆ నంబర్‌తో ఎవరినైనా మోసం చేస్తే పోలీసులు వచ్చేది పేరున్న మనిషి దగ్గరికి. "నాకు తెల్వదు సార్" అన్నది అక్కడ అంత తేలికగా నడవదు.

ఇప్పుడు వీడియోల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి.

టిక్‌టాక్‌ను భారతదేశం 2020 జూన్ 29న నిషేధించింది. గల్ఫ్‌లో అది నడుస్తూనే ఉంది. లైవ్‌లో చూసేవాళ్లు పైసలు పెట్టి కాయిన్లు కొని గిఫ్టులు వేస్తారు. గిఫ్టు విలువలో పెద్ద వాటా కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. బ్యాటిల్ అని ఇద్దరు పోటీ పడుతుంటే, ఎవరో గెలవాలని ఇక్కడ ఎండలో పనిచేసే తమ్ముడు జీతం గుమ్మరిస్తున్నాడు. ఒంటరితనం అర్థమవుతుంది. కానీ ఆ గిఫ్టు మళ్లీ రాదు.

పాటకు డాన్స్ చేసినా, వంట చూపించినా తప్పులేదు, వెనకాల ఎవరున్నారో చూసుకోవాలి. కెమెరా ఫోన్‌తో ఇతరుల వ్యక్తిగత జీవితంలోకి చొరబడితే సౌదీ 2007 చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా. యూఏఈలో అనుమతి లేకుండా మనుషుల ఫొటో తీసినా, పెట్టినా కనీసం ఆరు నెలల జైలు, లేదా లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హాముల జరిమానా, రెండూ కూడా పడొచ్చు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వచ్చి ఇళ్లలో పనిచేసే అక్కలు మరీ జాగ్రత్త. ఆ ఇంటి పిల్లలు, హాలు, సామాన్లు మీ వీడియోలో కనపడొద్దు.

మరి కష్టంలో ఉన్నవాళ్లు తీసే సెల్ఫీ వీడియో? "అన్నా, నన్ను కాపాడండి" అని ఏడ్చే వీడియోలు మన గ్రూపుల్లో రాని వారం లేదు. అవి పనిచేయవని నేను అనను. వీడియో చూసి మంత్రులు స్పందించినవి, ఎంబసీ కదిలినవి ఉన్నాయి. అసలు చిక్కు ఏంటంటే, మా దగ్గరికి ఇరవై గ్రూపులు తిరిగి వచ్చే వీడియోలో మనిషి కన్నీళ్లు ఉంటాయి, ఏ దేశమో కూడా ఉండదు. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబర్, కఫీల్ పేరు ఏవీ లేకుండా ఏ ఆఫీసూ ఏమీ చేయలేదు. ఇంకో ప్రమాదం, మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉండగా వీడియో బయటికొస్తే ఫోన్ లాక్కుంటారు, ఎదురు దొంగతనం కేసు కూడా పెట్టొచ్చు.

అందుకే వరుస మార్చండి. ఇల్లు వదిలి బయల్దేరక ముందే పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంట్ ఫొటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి. కష్టం వస్తే ముందు లొకేషన్, కఫీల్ పేరు, ఫోన్ నంబర్ ఇంటివాళ్లకు పంపండి. విదేశాంగ శాఖ 2015లో పెట్టిన మదద్ పోర్టల్‌లో కుటుంబమే ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఇచ్చాక ఒక నంబర్ వస్తుంది, దాన్ని రాసిపెట్టుకోండి. తెలంగాణ వాళ్లకు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ఉంది, ఆంధ్ర వాళ్లకు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. యూఏఈలో ఉంటే భారత ప్రభుత్వ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 80046342. క్యాంపులో తిండి బాగాలేదని, జీతం ఇవ్వలేదని తీసిన వీడియోలు కూడా అంతే. తేదీ తెలిసేలా దాచిపెట్టి లేబర్ ఆఫీసుకో, ఎంబసీకో ఇస్తే అది సాక్ష్యం. కంపెనీ పేరు పెట్టి ఫేస్‌బుక్‌లో తిడితే అదే మీ మీద కేసు అవుతుంది. న్యాయం మన వైపే ఉండొచ్చు, అయినా ఇక్కడి చట్టం ఇట్లా ఉంది.

ఎవరైనా చనిపోయినప్పుడు వాట్సాప్‌లో చందా ఎత్తడం మన అలవాటు, మంచి అలవాటే. కానీ యూఏఈలో లైసెన్సు ఉన్న సంస్థలే విరాళం అడగాలి. సొంత ఖాతా నంబర్ పెట్టి నెట్‌లో అడిగితే లక్షల దిర్హాముల జరిమానా ఉంది. మృతదేహం పంపడానికి స్తోమత లేకపోతే ముందు కాన్సులేట్‌లో కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ గురించి అడగండి. మనిషి ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వచ్చి ఉంటే ప్రవాసీ భారతీయ బీమా పాలసీ ఉంటుంది. అది అమల్లో ఉండి, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. ఆ కాగితం ఇంట్లో ఉందో లేదో ఇవ్వాళే వెతకండి.

ఇండియా సిమ్ ఊర్లో తమ్ముడికిచ్చి, ఓటీపీ వచ్చినప్పుడల్లా అడిగేవాళ్లు చాలామంది. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతో యూపీఐకి అనుమతి ఇచ్చింది. ఆ జాబితాలో సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి, కువైట్, బహ్రెయిన్ లేవు. ఖాతా ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ అయి ఉండాలి, మీ గల్ఫ్ నంబర్ దానికి జత కావాలి. సెలవుకు పోయినప్పుడు బ్యాంకులో ఒక పూట కూర్చుంటే అయిపోతుంది.

ఎగ్జిట్ మీద ఇంటికి పోయేవాళ్లు సిమ్ ఆగక ముందే వ్యాలెట్‌లో ఉన్న పైసలు తీసుకోండి, బ్యాంకు ఖాతాకు కొత్త నంబర్ ఎక్కించండి, వాట్సాప్‌లో నంబర్ మార్చండి. వాడకం ఆగిన నంబర్‌ను కంపెనీ కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తుంది, అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు పోతాయి.