చలికాలములో ఇంటి వెచ్చదనము – కరెంటు పొదుపు

సురుళియారు ఒడ్డున ఉన్న మన చిన్నమనూరులో మంచు గడ్డకట్టే చలి లేదు. అయినను ధనుర్మాసపు తెల్లవారుజామున గుంట మగ్గములో కాళ్లు పెట్టి కూర్చొనువారికి చలి ఏమిటో తెలియును. కాళ్లు కొయ్యబారిన నేత సాగదు.

ఇందుకై తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుట మిక్కిలి ప్రమాదము. దాని విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. అది వలదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

తమిళనాడు ప్రభుత్వము 2023లో చేనేత కుటుంబములకు రెండు నెలల ఉచిత కరెంటును 200 నుండి 300 యూనిట్లకు పెంచినది. వెయ్యి వాట్ల హీటరు గంటకు ఒక యూనిటు తినును. రోజుకు ఐదు గంటలు వాడిన ఆ 300 యూనిట్లూ దానికే చెల్లును. 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పెట్టినను మగ్గమునకు వెలుగు తగ్గదు.

ఖర్చులేని ఉపాయములు: గుంట అడుగున గోనెసంచి పరచి, పైన పాత చాప వేయండి. పొద్దువాలక ముందే చలిగాలి వచ్చు కిటికీ మూయండి. ప్రొద్దుట తూర్పు తలుపు తెరచి ఎండ రానివ్వండి. మందపు దుప్పటి ఒకటి కన్న పలుచనివి రెండు మేలు. నడుమ నిలిచిన గాలి ఒంటి వేడిని పోనీయదు.

మిగిలిన యూనిట్లు రాత్రి నేతకు అక్కరకు వచ్చును.